లంగరు ఎవరిదో తెలిసింది, కేసు ఎవరిదో తేలలేదు

2024 డిసెంబరు 25, క్రిస్మస్ రోజు. మధ్యాహ్నం 12 గంటల 26 నిమిషాలకు ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య సముద్రం అడుగున ఉన్న ఎస్ట్‌లింక్-2 అనే కరెంటు కేబుల్ తెగిపోయింది. 650 మెగావాట్లు మోసే లైను అది. ఆ తర్వాత అదే సముద్రంలో నాలుగు టెలికాం కేబుళ్లు కూడా దెబ్బతిన్నాయి. ఆ సమయంలో ఆ లైన్ల మీదుగా ఈగిల్ ఎస్ అనే ఆయిల్ ట్యాంకర్ వెళుతోంది. రష్యాలోని ఉస్త్-లూగా రేవులో పెట్రోలు నింపుకుని ఈజిప్టుకు బయలుదేరిన ఓడ. దాని జెండా మాత్రం ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న కుక్ దీవులది.

ఫిన్లాండ్ అధికారులు ఆ ఓడను తమ ప్రాదేశిక జలాల్లోకి రమ్మన్నారు. వచ్చింది. ఆ రాత్రి పోలీసులు, సరిహద్దు దళం వాళ్లు హెలికాప్టర్లలో వెళ్లి డెక్ మీద దిగారు. ఓడకు లంగరు గొలుసు ఉంది. దాని చివర ఉండాల్సిన లంగరు లేదు.

ఇంత తేలిగ్గా దొరికిన కేసు ఇంకేముంటుంది అనిపిస్తుంది. కానీ 2025 అక్టోబరులో హెల్సింకి జిల్లా కోర్టు ఈ కేసు వినే అధికారం తనకు లేదని కొట్టేసింది. నిందితుల లాయర్ల ఖర్చులు, దాదాపు 1 లక్షా 95 వేల యూరోలు, ఫిన్లాండ్ ప్రభుత్వమే కట్టాలంది. ప్రాసిక్యూటర్లు అప్పీలుకు వెళ్లారు.

సముద్రం అడుగున కేబుల్ తెగినప్పుడల్లా వార్తలన్నీ ‘ఎవరు తెంపారు’ అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. నిజానికి ఈ రోజుల్లో అది అన్నిటికంటే సులువైన ప్రశ్న. కావాలని తెంపారా, పొరపాటున తెగిందా అన్నది దానికంటే కష్టం. ఇది ఎవరి కోర్టు పరిధిలోకి వస్తుందన్నది అన్నిటికంటే కష్టం.

ముందు సులువైనది చూద్దాం. కేబుల్ తెగిన క్షణం సెకన్లతో సహా తెలిసిపోతుంది, ఎందుకంటే ఒడ్డున ఉన్న స్టేషన్లో సిగ్నల్ ఆగిపోతుంది. టెలికాం కేబుల్ అయితే, ఎక్కడ తెగిందో తెలుసుకోవడానికి దాని లోపలి గాజు తీగలోకి కాంతి పల్స్ పంపుతారు. తెగిన చోట తగిలి అది వెనక్కి రావడానికి పట్టిన సమయం కొలుస్తారు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కాబట్టి పల్స్ ఒక మిల్లీసెకనులో తిరిగొస్తే తెగిన చోటు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. సమయం, చోటు రెండూ చేతికొచ్చాయంటే, ఆ సమయానికి ఆ చోట ఎవరున్నారన్నది వెతకడమే మిగిలింది.

దానికి ఏఐఎస్ ఉంది. విదేశాలకు తిరిగే పెద్ద ఓడలన్నీ తమ పేరు, ఉన్న చోటు, వేగం, దిశ కొన్ని సెకన్లకోసారి రేడియోలో చెబుతూ ఉండాలి. ఆ చుక్కలన్నీ కలిపితే ఓడ నడిచిన గీత వస్తుంది. ఆ గీతను కేబుల్ మ్యాపు మీద పెట్టి చూస్తారు. ఇక్కడ నిపుణులు ముందు చూసేది వేగం. లంగరు నేలను ఈడ్చుకుంటూ వస్తుంటే ఇంజను అంతే తిరుగుతున్నా ఓడ నెమ్మదిస్తుంది. ఎద్దుబండి చక్రానికి కట్టె అడ్డం పడ్డట్టు. కారణం లేకుండా వేగం పడిపోయి, ఆ పడిపోయిన దారిలోనే కేబుల్ తెగి ఉంటే, అనుమానం గట్టిపడుతుంది.

ఏఐఎస్‌ను ఆపేయవచ్చు, తప్పుడు పేరుతో నడపవచ్చు. 2025 ఫిబ్రవరిలో తైవాన్ దగ్గర కేబుల్ తెంపిన హోంగ్ తై 58 అనే ఓడ ఏఐఎస్‌లో హోంగ్ తై 168గా కనిపించింది. అందుకే తీరంలోని రాడార్లు, ఉపగ్రహాలు తీసే చిత్రాలు కూడా కలిపి చూస్తారు. ఏఐఎస్ ఆపేసిన ఓడ రాడార్ తెరమీద చుక్కగా మిగిలే ఉంటుంది, పేరు లేదంతే.

ఆ తర్వాత సముద్రం అడుగుకు దిగాలి. సోనార్‌తో అడుగును చిత్రంగా గీస్తారు, కెమెరాలున్న రిమోట్ యంత్రాలను దించుతారు. 2023 అక్టోబరులో ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య ఉన్న బాల్టిక్‌కనెక్టర్ గ్యాస్ పైపులైను పగిలినప్పుడు, దాని దాకా వచ్చిన ఒక ఈడ్పు గీత కనిపించింది. వెడల్పు ఒకటిన్నర నుంచి 4 మీటర్లు. పైపుకు కాస్త దూరంలో 6 టన్నుల లంగరు పడి ఉంది. హాంకాంగ్ జెండాతో తిరిగే న్యూన్యూ పోలార్ బేర్ అనే కంటైనర్ ఓడదని తేలింది. ఆ ఓడ అప్పటికే రష్యా ఉత్తర తీరం వెంట వెళ్లిపోయింది, లంగరు లేని దాని ఫొటోలు బయటికొచ్చాయి. ఈగిల్ ఎస్ విషయంలోనూ అంతే. 2025 జనవరిలో స్వీడన్ నౌకాదళపు ఓడ బెలోస్ వచ్చి లంగరును పైకి తీసింది. ఆ లంగరు సుమారు 90 కిలోమీటర్లు నేలను గీసుకుంటూ వచ్చిందని ప్రాసిక్యూటర్ల వాదన. మన లెక్కలో చెప్పాలంటే విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లి, ఇంకా కొంచెం ముందుకు పోయినంత.

ఇదంతా ఈ బాల్టిక్ సముద్రంలోనే ఎందుకు ఇంతగా జరుగుతోందని చాలామంది అడుగుతారు. కారణాల్లో ఒకటి రాజకీయం, ఇంకొకటి లోతు. నడిసముద్రంలో కేబుల్ మూడు నాలుగు కిలోమీటర్ల కింద ఉంటుంది. లంగరు గొలుసు కొన్ని వందల మీటర్లే. అంత లోతుకు అందదు. బాల్టిక్ సగటు లోతు 55 మీటర్ల దరిదాపు. లంగరు జారితే నేలను తాకి తీరుతుంది. తెగ్గొట్టడానికి జలాంతర్గామి అక్కర్లేదు, బాంబు అక్కర్లేదు, ఎవరూ గొలుసు బ్రేకు సరిగ్గా బిగించకపోతే చాలు.

రెండో ప్రశ్న దగ్గర దారి బిగుసుకునేది కూడా ఇక్కడే. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 దాకా కేబుల్ దెబ్బలు జరుగుతాయి. వాటిలో ఎక్కువ భాగం చేపల వలలు, లంగర్ల వల్లే. అంటే కుట్ర లేకుండానే ఇది వారానికి మూడు నాలుగుసార్లు జరిగే ప్రమాదం. కుట్ర చేయాలనుకునేవాడికి ఇంతకంటే మంచి ముసుగు దొరకదు. అనుకోకుండా జారిందని ఒక్క మాట చెబితే సరిపోతుంది.

లంగరు ఊరికే జారుతుందా? పెద్ద ఓడల్లో గొలుసును ఆపేందుకు బ్రేకు, దాని ముందు ఇనుప అడ్డు, ఆ పైన బిగించే తాళ్లు ఉంటాయి. అన్నీ సరిగ్గా ఉంటే జారదు. కానీ పాత ఓడల్లో అన్నీ సరిగ్గా ఉండవు. ఆంక్షల కళ్లుగప్పి రష్యా చమురు మోసే షాడో ఫ్లీట్ ఓడల్లో చాలావరకు వయసు మీరినవి, నిర్వహణ అంతంత మాత్రం, ఇన్సూరెన్సు ఎవరిదో తెలియనివి. ఈగిల్ ఎస్ ఆ కోవలోదేనని ఫిన్లాండ్ అంది. లంగరు వ్యవస్థలో లోపం వల్ల జరిగిన ప్రమాదం అని ఓడ తరపువాళ్లన్నారు. ప్రాసిక్యూటర్లు ఒప్పుకోలేదు. అంత దూరం లంగరు ఈడుస్తూ ఉంటే వేగం తగ్గింది కదా, గమనించకుండా ఎలా ఉంటారన్నది వాళ్ల ప్రశ్న. నాకూ అదే బలమైన ప్రశ్న అనిపిస్తుంది. కానీ ప్రశ్న బలంగా ఉండటం వేరు, ఉద్దేశం రుజువు కావడం వేరు.

2025 జనవరి 26న లాత్వియా, స్వీడన్‌ల మధ్య కేబుల్ తెగింది. బల్గేరియా కంపెనీ ఓడ వెఝెన్‌ను స్వీడన్ పట్టుకుంది. వార్తలన్నీ కుట్ర అన్నాయి. ఎనిమిది రోజుల్లోనే ప్రాసిక్యూటర్ అది కుట్ర కాదని తేల్చి ఓడను వదిలేశారు. చెడు వాతావరణం, పరికరాల లోపం, నావికుల అజాగ్రత్త, ఈ మూడూ కలిశాయన్నారు. ఆ ప్రాసిక్యూటర్ చేసింది చాలా పెద్ద పని అని నా అభిప్రాయం. దేశమంతా రష్యా అని వేలు చూపిస్తున్న వేళ ఆధారాలు చెప్పినదే చెప్పడం తేలికైన విషయం కాదు.

చైనా ఓడ యీ పెంగ్ 3 కథ దీనికి పూర్తి వ్యతిరేకం. 2024 నవంబరు 17, 18 తేదీల్లో రెండు కేబుళ్లు తెగాయి. ఒకటి లిథువేనియా, స్వీడన్‌ల మధ్యది. రెండోది ఫిన్లాండ్ నుంచి జర్మనీకి 1,173 కిలోమీటర్ల పొడవున సాగే సీ-లయన్1. ఓడ వెళ్లి డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య కాటెగాట్‌లో, అంతర్జాతీయ జలాల్లో లంగరు వేసి నిలబడింది. చుట్టూ పలు దేశాల గస్తీ ఓడలు. ఎవరూ ఎక్కలేరు. దాదాపు నెల రోజులు అలాగే గడిచింది. చివరికి డిసెంబరు 19న ఎక్కింది చైనా అధికారులు. స్వీడన్, జర్మనీ, ఫిన్లాండ్, డెన్మార్క్ వాళ్లు వెంట ఉన్నారు, పరిశీలకులుగా మాత్రమే. స్వీడన్ ప్రాసిక్యూటర్‌ను సొంతంగా దర్యాప్తు చేయనివ్వలేదు. రెండు రోజుల తర్వాత ఓడ వెళ్లిపోయింది. 2025 ఏప్రిల్‌లో స్వీడన్ ప్రమాదాల దర్యాప్తు సంస్థ నివేదిక ఇచ్చింది. ఓడ ఒకటిన్నర రోజు పాటు, 180 నాటికల్ మైళ్లు, అంటే 330 కిలోమీటర్లకు పైగా లంగరు ఈడ్చింది. కావాలని వేసి ఉండొచ్చు, సరిగ్గా కట్టకపోవడం వల్ల జారి ఉండొచ్చు, తేల్చి చెప్పలేమంది.

ఆ నెల రోజుల ఆలస్యం ఎందుకు ముఖ్యమో చెప్పాలి. విమానంలో బ్లాక్ బాక్స్ ఉన్నట్టే ఓడలో ప్రయాణ వివరాల రికార్డరు ఉంటుంది. వేగం, దిశ మాత్రమే కాదు, ఓడ నడిపే గదిలో మాటలు కూడా అందులో పడతాయి. పాత రకాలు 12 గంటలకే పాతదాన్ని చెరిపేసుకుంటాయి. కొత్తవాటిలో 48 గంటలది ఒక పెట్టెలో, 30 రోజులది మరో చోట ఉంటుంది. ఓడలో ‘లంగరు జారింది సార్’ అని ఎవరైనా అన్నారా, అని ఉంటే ఎప్పుడన్నారు, అధికారి ఏం జవాబిచ్చాడు. నేరమా పొరపాటా అని తేల్చేది చాలాసార్లు ఆ ఒక్క మాటే. అది చెరిగిపోయేలోపు మెట్లెక్కగలిగిన వాడిదే దర్యాప్తు. ఫిన్లాండ్ ఒకే రాత్రిలో ఎక్కగలిగింది, ఎందుకంటే ఈగిల్ ఎస్ రమ్మంటే వచ్చింది. యీ పెంగ్ 3 రమ్మంటే రాలేదు. ఈ రెండు కేసుల్లోనూ ఓడ కెప్టెన్ ఒప్పుకోవడం మీదే అంతా ఆధారపడింది. ఆ మాట తల్చుకుంటే నాకు కాస్త భయంగానే ఉంటుంది.

ఇక మూడో ప్రశ్న. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు నేల లాంటిదే. అక్కడ దాని చట్టం నడుస్తుంది. ఆ పైన 200 మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలి. అక్కడ చేపల మీద, చమురు మీద ఆ దేశానికి హక్కు ఉంది కానీ పోయే ఓడ మీద పోలీసు అధికారం లేదు. ఓడ ఏ జెండా ఎగరేస్తే ఆ దేశానిదే అధికారం. ఎస్ట్‌లింక్-2 తెగింది ఈ రెండో భాగంలో. ఫిన్లాండ్ గల్ఫ్ ఎంత ఇరుకైనా, ఓడలు స్వేచ్ఛగా పోవడానికి ఫిన్లాండ్, ఎస్టోనియా మధ్యలో ఒక దారి తమ ప్రాదేశిక జలాల బయట వదిలిపెట్టాయి. మంచితనంతో వదిలిన ఆ దారిలోనే ఇప్పుడు ఈ చిక్కంతా.

ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలో 97వ అధికరణం ఉంది. ఓడలు ఢీకొన్నా, లేక ‘నౌకాయానంలో మరే సంఘటన’ జరిగినా, ఓడ సిబ్బంది మీద నేరం మోపే అధికారం జెండా దేశానికి, లేదా ఆ సిబ్బంది పౌరులుగా ఉన్న దేశానికి మాత్రమే ఉంటుందంటుంది. లంగరు జారి కేబుల్ తెగడం అలాంటి సంఘటనే అని హెల్సింకి కోర్టు తేల్చింది. కాబట్టి కెప్టెన్ మీద, ఇద్దరు అధికారుల మీద కేసు నడపాల్సింది కుక్ దీవులు, లేదా నిందితుల సొంత దేశాలైన జార్జియా, భారత్. అవును, ఆ ముగ్గురిలో ఒకరు మన దేశస్థుడు.

ఈ నియమం చూడగానే కోపం వస్తుంది. సుమారు 15 వేల జనాభా ఉన్న కుక్ దీవులు బాల్టిక్ సముద్రంలో దర్యాప్తు చేస్తాయా? కానీ దీని వెనుక కథ తెలిస్తే కోపం కొంచెం తగ్గుతుంది. 1926లో ఫ్రాన్స్ ఓడ లోటస్, టర్కీ ఓడ బోజ్-కోర్ట్‌ను ఢీకొంది. ఎనిమిది మంది టర్కీవాళ్లు చనిపోయారు. టర్కీ లోటస్ మీది ఫ్రెంచి అధికారిని అరెస్టు చేసింది. అప్పటి అంతర్జాతీయ న్యాయస్థానం 1927లో టర్కీ చేసింది సరైనదే అంది. నావికులు హడలిపోయారు. ప్రతి రేవులో ప్రతి ప్రమాదానికీ జైల్లో పెడితే ఓడ ఎవరు నడుపుతారు? ఆ ఆందోళన వల్లే 1950ల్లో నియమం తిరగబడి, చివరికి 97వ అధికరణంగా స్థిరపడింది. ఉత్తరాంధ్ర నుంచి ఓడల్లో పనికి వెళ్లే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. యజమాని చేసిన నిర్లక్ష్యానికి పరాయి దేశపు జైల్లో ఏళ్ల తరబడి పడకుండా కొంతవరకు కాపాడేది కూడా ఈ నియమమే. అందుకే దీన్ని ఎత్తిపారేయాలని నేను అనను.

కానీ ‘సంఘటన’ అంటే ఎంతవరకు? ఇదే మాట మీద మన సుప్రీంకోర్టులోనూ వాదన నడిచింది. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరానికి 20.5 నాటికల్ మైళ్ల దూరంలో ఇటలీ ఓడ ఎన్రికా లెక్సీ మీది సైనికులు కాల్చిన కాల్పుల్లో ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. ఇటలీ ఈ 97వ అధికరణాన్నే చూపించింది. 2013 జనవరిలో జస్టిస్ అల్తమస్ కబీర్, జస్టిస్ జస్తి చలమేశ్వర్‌ల ధర్మాసనం తీర్పు చెబుతూ, మనుషుల్ని కాల్చి చంపడం నౌకాయాన సంఘటన కిందికి రాదని ఆ వాదన ఒప్పుకోలేదు. చివరికి 2020లో అంతర్జాతీయ ట్రైబ్యునల్ ఆ సైనికులకు ప్రభుత్వ ఉద్యోగులుగా రక్షణ ఉందని మరో దారిలో ఇటలీకే అధికారం ఇచ్చింది, కానీ ‘సంఘటన’ వాదనను మాత్రం అదీ అంగీకరించలేదు. తుపాకీ పేలితే నావికుడి పొరపాటు కాదని అందరికీ తెలుసు. లంగరు విషయంలో అలా చెప్పలేం. కావాలని వేస్తే నేరం, జారితే సంఘటన. అంటే ఏ కోర్టు వినాలో తెలియాలంటే ముందు ఉద్దేశం తెలియాలి, ఉద్దేశం తెలియాలంటే ఏదో ఒక కోర్టు వినాలి. హెల్సింకి కేసు ఇరుక్కుపోయింది ఈ ముడిలోనే.

తీరానికి దగ్గర్లో అయితే ఈ ముడి ఉండదు. హోంగ్ తై 58 తైవాన్, పెంగ్హూ దీవుల మధ్య కేబుల్ తెంపింది తైవాన్ జలాల్లోనే. జెండా టోగోది, కెప్టెన్ చైనావాడు. 2025 జూన్‌లో తైనాన్ కోర్టు అతనికి మూడేళ్ల జైలు వేసింది.

చట్టం ఎప్పుడూ ఇంత చేతకానిదిగా లేదు. 1884లో టెలిగ్రాఫు తీగల కోసం ప్యారిస్‌లో కుదిరిన ఒప్పందం ఒకటుంది. అందులో పదో అధికరణం ప్రకారం, తీగ తెంపిందని అనుమానం ఉన్న ఓడను ఒప్పందంలో ఉన్న ఏ దేశపు యుద్ధనౌక అయినా ఆపి కాగితాలు అడగవచ్చు. 1959 ఫిబ్రవరిలో న్యూఫౌండ్లాండ్ దగ్గర అట్లాంటిక్ కేబుళ్లు వరుసగా తెగినప్పుడు, అమెరికా యుద్ధనౌక రాయ్ ఓ. హేల్ సిబ్బంది సోవియట్ చేపల ఓడ నొవొరోసిస్క్ ఎక్కి తనిఖీ చేశారు. ప్రచ్ఛన్న యుద్ధం మధ్యలో, నడి సముద్రంలో, ఒక్క తూటా పేలకుండా. అలా ఎక్కి కాగితాలు చూసే హక్కును 1982 నాటి కొత్త సముద్ర చట్టంలో స్పష్టంగా రాయలేదు. అందులోని 113వ అధికరణం ప్రతి దేశం తన ఓడలు, తన మనుషులు కేబుల్ తెంపితే శిక్షించేలా చట్టం చేసుకోమంటుంది, అంతే. నా దృష్టిలో ముందు సరిచేయాల్సింది ఇదే. శిక్షించే అధికారం జెండా దేశానికే ఉండనీ. కానీ మెట్లెక్కి రికార్డరు చెరిగిపోకుండా కాపాడే అధికారం, లంగరు ఉందో లేదో చూసే అధికారం కేబుల్ ఉన్న దేశానికి ఇవ్వాలి.

మనకు ఇది దూరపు గొడవ కాదు. 2024 ఫిబ్రవరిలో హూతీల క్షిపణి తగిలిన రూబీమార్ అనే ఓడ ఎర్ర సముద్రంలో మునిగేముందు కొట్టుకుపోతూ, లంగరు ఈడ్చి ఆసియా, యూరప్ మధ్య కేబుళ్లను తెంపిందని నిపుణుల అంచనా. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర మరో రెండు కేబుళ్లు తెగితే మన దేశంలోనూ ఇంటర్నెట్ నెమ్మదించింది. అండమాన్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చేదాకా అక్కడ నెట్ అంటే ఉపగ్రహమే దిక్కు. ఇక విశాఖలో ఏఐ కేంద్రం కోసం అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అందులో భాగంగా కొత్త అంతర్జాతీయ కేబుళ్లు విశాఖ ఒడ్డుకు చేరాలి. ఇప్పటిదాకా ముంబయి, చెన్నై, కొచ్చి లాంటి ఊళ్లు మోసిన బాధ్యత ఇప్పుడు విశాఖ మీదా పడుతుంది.

ఆర్కే బీచ్‌లో నిలబడితే సాయంత్రం దూరంగా వరసగా ఆగి ఉన్న ఓడలు కనిపిస్తాయి. రేవులో చోటు కోసం లంగరు వేసి ఎదురుచూసేవి. అవి ఆగే చోటు 12 మైళ్ల లోపలిదే కాబట్టి అక్కడ మన చట్టం నడుస్తుంది. ఆ గీత దాటాక ఏ ఓడ లంగరైనా జారితే, కోస్ట్‌గార్డ్‌కు హెల్సింకికి ఎదురైన చిక్కే ఎదురవుతుంది. కేబుళ్లను కీలక సదుపాయంగా గుర్తించాలని, మన జెండాతోనే రిపేరు ఓడలు ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లోనే సిఫారసు చేసింది.

ఎస్ట్‌లింక్-2ను బాగుచేసి 2025 జూన్‌లో మళ్లీ నడిపించారు. నష్టం కనీసం 60 మిలియన్ యూరోలని ప్రాసిక్యూటర్ల లెక్క. ఈగిల్ ఎస్ ఆ మార్చిలోనే వెళ్లిపోయింది. అప్పీలులోనూ తీర్పు మారకపోతే, కేసు ఎత్తుకోగల మూడు దేశాల్లో మనదీ ఒకటి. భారతీయుడు ప్రపంచంలో ఎక్కడ నేరం చేసినా విచారించే వీలు మన భారతీయ న్యాయ సంహితలో ఉంది. అయితే దానికి కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. లంగరు, గొలుసు, సముద్రం అడుగు చిత్రాలు, సాక్షులు, అన్నీ ఫిన్లాండ్‌లో ఉన్నాయి. వాటిని ఇక్కడికి తెప్పించి ఇక్కడి మేజిస్ట్రేట్ ముందు పెట్టడానికి ఢిల్లీలో ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.